వేలు

పడవ నడపడం మైము మాకు చివర్న నేర్పింది.
ముందు నేర్పింది ఆపడం.

ఓర్యాకు రేవు దాటి రెల్లు పొదలు వెనకబడ్డాక
సీసా మూత తిప్పుతూ చెప్పేది:
"గుర్రానికి కళ్లెముంది, బండికి బ్రేకుంది.
ఇక్కడ నడిపేదీ గాలే, ఆపేదీ గాలే.
దానితో బేరం కుదుర్చుకోవాలి."

అణియం గాలికి ఎదురు తిప్పు.
ముందుచాప తాడు వదలకు,
అది వెనక్కి పొంగుతుంది, పొంగనీ.
పెద్దచాప వదులు చెయ్యి.
చుక్కాని కర్రని గాలి పోయే వైపు నెట్టి కట్టెయ్యి.
ఒక చాప పదమంటుంది,
ఒకటి కదలనంటుంది.
ఆ జగడం మధ్య పడవ
మాట పడిన మనిషిలా ఊరుకుంటుంది.

అలా ఊరుకున్న పడవలో మేం
రై రొట్టె మీద ఉప్పుచేప పెట్టుకు తినేవాళ్లం.
తింటుండగానే విసిరేసేది, చెప్పా పెట్టకుండా,
ఎల్మర్ బాబాయిని.

ఎల్మర్ బాబాయి అంటే సగం నీళ్లు నింపిన పాలక్యాను,
దానికి తొడిగిన పాత ఉన్నికోటు.
గుండీలన్నీ పెట్టి ఉండేవి.
ఎవరి కోటో మేం అడగలేదు.

చుక్కాని ఊర్వెది. తాళ్లు తావెత్‌వి.
పదమూడేళ్ల నాకు దక్కింది వేలు.
"తాడు ముట్టకు. అరవకు. జాలిపడకు.
అతని వైపు వేలు చాచి చూస్తూ ఉండు.
నువ్వు రెప్ప వేసిన చోట
ఇంకో అల నిలబడుతుంది,
అచ్చం అలాంటిదే."
వేలు చాచడం కూడా ఒక పనేనా అని
నాకు లోపల చిన్నతనంగా ఉండేది.

జూన్ నెలాఖర్లో ఒక సాయంత్రం,
ఆరోసారో ఏడోసారో, గాలి ముదిరింది.
తాడు చెంపకు తగిలి తావెత్ బూతు తిట్టాడు.
నేను అటు చూశాను.
అంతే.

తిరిగి చూస్తే సముద్రం నిండా ఒకటే ముఖం.
"ఎక్కడ?" అంది ఊర్వె.
నా వేలు ఇంకా చాచే ఉంది,
ఎవరూ లేని చోటు చూపిస్తూ.

దుక్కి దున్నినట్టు
పోయిన చాలు పక్కనే తిరిగి వచ్చాం,
మళ్లీ పోయాం, మళ్లీ వచ్చాం.
పది కావస్తోంది. అక్కడ వేసవిలో
పొద్దు కుంకడానికి మొహమాటపడుతుంది.
తావెత్ అన్నాడు: "అది పాలక్యాను కదా, మైమూ."
ఆమెకు కోపం రాలేదు.
"ఎప్పుడు గుర్తొచ్చింది నీకు? విసిరినప్పుడా?
కనబడనప్పుడా?"
తర్వాత ఎవరం మాట్లాడలేదు.

దొరికాడు,
కస్సారి ఒడ్డు రెల్లులో కాలరు తట్టుకుని.
భుజం మీద ఒక నీటికాకి.
ఊర్వె కింది నుంచి వచ్చింది, గాలికి ఏటవాలుగా,
చాపలు సడలించి, బిగించి, మళ్లీ సడలించి.
చాపలు పటపటలాడాయి, వేగం చచ్చింది,
చెయ్యి చాచినంత దూరంలో పడవ
తనంతట తానే నిలబడింది.
అన్ని రోజుల్లో అదొక్కసారే సరిగ్గా కుదిరింది.

నీళ్లలో తేలికైనవాడు
అంచు దగ్గర బరువెక్కుతాడని అప్పుడు తెలిసింది.
కోటు నిండా సముద్రం. నలుగురం లాగినా రాలేదు.
చాప అడ్డకొయ్యని బయటికి తిప్పి
కప్పీ తాడు తగిలించి ఎత్తాం.
"కూర్చోబెట్టకండి, పడుకోబెట్టండి.
చల్లబడ్డ నెత్తురు ఒక్కసారి గుండెకెక్కితే
దక్కినవాడు దక్కడు."
పడుకోబెట్టాం. మైము దుప్పటి కప్పింది,
గడ్డం దాకా, గడ్డం ఉంటే ఎక్కడ ఉండేదో అక్కడి దాకా.
నవ్వొస్తుందనుకున్నాను. రాలేదు.

ఇంటికెళితే అమ్మ చారు పోసింది.
చెంచా ఎడమ చేత్తో పట్టుకున్నాను.
కుడి చెయ్యి
ఇంకా డ్యూటీ దిగలేదు.